గడ్డి దుడ్డె

బుచ్చమ్మ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా గల్లీలో లేరు. టీ నిలబడి తాగుతుంది. అన్నం పళ్లెం చేత పట్టుకుని బర్రెల చుట్టూ తిరుగుతూ తింటుంది. ఒకసారి క్రిస్మస్‌కు మా చర్చికి రమ్మంటే వచ్చి, పాస్టరుగారి ప్రసంగం సగంలో ఉండగా లేచిపోయి, వెనకాల వంటవాళ్లకు ఉల్లిగడ్డలు కోసిపెట్టింది. నాకు మహా చిరాకు. టెలిఫోన్ ఆఫీసులో కుర్చీ కదలకుండా ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని నేను. ఎదుటి మనిషి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతుంది. ఆ మాట ఆమె మొహం మీదే అంటాను. "నువ్వు కూసో లీలక్కా, నీకు పెన్షనొస్తది," అంటుంది, గంప ఎత్తుకుని పోతూనే.

మొఘల్‌పురాలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. గోడకు అటుపక్క మూడు బర్రెలు, వాటి షెడ్డు, ఎదురుగా రెండు గదులు. ఆమె భర్త మైసయ్య తన తాతలనాటి పాల వ్యాపారమే చేస్తున్నాడు. పొద్దున, సాయంత్రం పత్తర్‌గట్టి వైపు హోటళ్లకు క్యాన్లు బండి మీద వేసుకుపోతాడు. మేత వేయడం, పేడ ఎత్తడం, పాలు పిండడం, గల్లీ వాళ్లకు కొలిచి పోయడం అంతా బుచ్చమ్మ పనే. నేను రోజూ సాయంత్రం గిన్నె పట్టుకుని కాస్త ముందే వెళ్లి, వాళ్ల గడప పక్కన స్టూలు మీద కూర్చుంటాను. అక్కడి నుంచి గదీ కనబడుతుంది, షెడ్డూ కనబడుతుంది.

ఈ వానాకాలంలో వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ అఖిల పుట్టింటికి వచ్చింది. అత్తవారిది సంతోష్‌నగర్. ఎనిమిదో నెలలో పాప కడుపులోనే పోయింది. ఎవరి తప్పూ లేదు. అల్లుడు విశాల్ మంచివాడు, తల్లి దగ్గర కొన్నాళ్లుంటే తేరుకుంటుందని అతనే తీసుకొచ్చి దింపాడు. పాప లేదన్న సంగతి ఒంటికి తెలియదు కదా, అఖిలకు పాలొచ్చాయి. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టాలన్నారు. మల్లెల కాలం దాటిపోయింది. బుచ్చమ్మ వానలో ఎక్కడెక్కడ తిరిగిందో, తడిసిన పొట్లంతో వచ్చి బిడ్డ రొమ్ములకు కట్టింది. రెండు మూడు రోజులకు పాలు ఆగిపోయాయి.

ఆ పిల్ల మాత్రం ఏడవలేదు. బుచ్చమ్మ భయమల్లా అదే. అఖిల కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. తినమంటే తినేది, స్నానం చేయమంటే చేసేది, అడిగినదానికి 'ఊ' అనేది. చిన్నప్పుడు షెడ్డులోనే ఆడుకుంటూ పెరిగిన పిల్ల, నుదుట తెల్ల మచ్చున్న చుక్కి అనే బర్రెను పెళ్లయ్యేదాకా తనే పిండేది. ఇప్పుడు వచ్చిన రోజు ఒక్కసారి షెడ్డులోకి తొంగి చూసి వెనక్కి తిరిగింది, మళ్లీ ఆ వైపు పోలేదు.

"బిడ్డ ఏడుస్తలేదక్కా," అనేది బుచ్చమ్మ నాతో, చెయ్యి కుడితి తొట్లో పెట్టి కలుపుతూ. "ఏడిస్తె బయట పడ్తది. గట్లనే లోపల్నే పెట్టుకుంటె మనిషేమైతది?"

"జర ఊకో. దాని టైమ్ దానికి గావాలె."

ఊరుకునే రకమైతేగా. పోచమ్మకు మొక్కింది. దర్గాకు పోయి దారం తెచ్చి కట్టింది. "మీ ప్రభువుకు గూడ జర చెప్పక్కా," అని నాకు పురమాయించింది. బిడ్డ ముందు టీవీ పెట్టింది, తీసింది, మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపింది, మళ్లీ జరిపింది. ఆ గదిలోకి గంటకు పదిసార్లు పోయి 'బిడ్డా ఏమన్నా తింటవా' అని అడిగేది. నాకైతే ఆ పిల్ల బదులు నేనే కేక వెయ్యాలనిపించేది.

ఆ రోజుల్లోనే మా తమ్ముడి కొడుకు కృపాకర్ ఫోన్ చేశాడు. వాడి దగ్గర లవ్‌బర్డ్స్ జత ఉండేది, అందులో మగది చచ్చిపోయింది. వాడి భార్యకు ఆయాసం, డాక్టరు ఇంట్లో పిట్టల్ని పెట్టుకోవద్దన్నాడట. మిగిలినదాన్ని ఎవరైనా పెంచుకుంటారా అత్తా అని అడిగాడు. నేను ఊరికే కబురుగా బుచ్చమ్మతో అన్నాను. నా మాట ఇంకా పూర్తే కాలేదు, ఆమె చెప్పులు వేసుకుంది. సాయంత్రానికి పంజరం వాళ్లింట్లో ఉంది.

గుప్పిట్లో పట్టేంత పిట్ట. ఒళ్లంతా ఆకుపచ్చ, మొహం మాత్రం ఎర్ర జామకాయ లోపలి రంగు. బుచ్చమ్మ దాన్ని కిటికీలో, అఖిల పక్కన పెట్టింది. "చూడు బిడ్డా, నీకే తెచ్చిన. నీ చేతి మీద కూసుంటదట," అంది. అఖిల చూసి, "ఊ" అంది.

మర్నాడు కృపాకర్ మళ్లీ ఫోన్ చేసి, జత పోయిన లవ్‌బర్డ్ ఒంటరిగా ఎక్కువ రోజులు బతకదంటారు అత్తా, జాగ్రత్తగా చూసుకొమ్మను అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా వెధవ. బుచ్చమ్మకు చెప్పక తప్పలేదు. "అంటే, నా బిడ్డ కండ్ల ముందల ఇంకో సావు తెచ్చి పెట్టిన్నా నేను?" అంది. వెనక్కి ఇచ్చేద్దామన్నాను. "ఇప్పుడు తీస్కపోతె ఏమనుకుంటది? ఇది గూడ పోయిందనుకోదా?" అంది. ఇక ఆమెకు నిద్ర లేదు, పిట్టకు లేదు, పక్కింట్లో నాకూ లేదు.

బర్రెల దగ్గర ఒక పద్ధతి ఉంది. చప్పుడు చేయకుండా పోతే బర్రె బెదిరి తంతుంది. అందుకని దూరం నుంచే గట్టిగా మాట్లాడుతూ పోవాలి, దగ్గరికి రాగానే అరచెయ్యి వీపు మీద చరచాలి. 'నేనే వచ్చిన' అని దానికి తెలియాలన్నమాట. బుచ్చమ్మ పుట్టి బుద్ధెరిగి చేసిన స్నేహం ఇదొక్కటే. పిట్టతోనూ అదే మొదలుపెట్టింది. "ఏందే పిల్లా, ఏం జేస్తున్నవే," అని షెడ్డు గొంతుతో అంటూ వచ్చి, పంజరం తలుపు తీసి చెయ్యి పైనుంచి దింపేది. అది కెవ్వుమని ఊచలకు కొట్టుకుని మూలకు పోయి నక్కేది. ఇంకా దగ్గరికి పోతే కొరికేది. బుచ్చమ్మ వేళ్లన్నీ గాట్లే.

పెట్టిన కొర్రలు పెట్టినట్టే ఉండేవి. చోటు నచ్చలేదేమోనని పంజరం వంటింట్లోకి మార్చింది. పొగ అని అక్కడి నుంచి కూలర్ మీదికి, అక్కడి నుంచి మళ్లీ కిటికీలోకి. వెనక వీధిలో పెళ్లి, మార్ఫా వాయిద్యం మొదలైతే పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పి, ఇల్లంతా అటూ ఇటూ తిరిగింది. లోపల పిట్ట గిలగిలా కొట్టుకుంటోంది. "నువ్వు తిరుగుడు బంద్ జేస్తె అది బతుకుతది," అని నేను అరిచాను. వినిపించుకోలేదు.

ఒకనాడు ముర్గీచౌక్ పోయి పిట్టలమ్మే ముసలాయన్ని అడిగొచ్చింది. ఆయన చెప్పింది నాకు అప్పజెప్పింది కూడా. "హాథ్ నక్కో డాలో అమ్మా. హాథ్ మే దానా రఖ్‌కే చుప్ బైఠో. ఉనే ఖుద్ ఆతా," అన్నాడట. చెయ్యి పెట్టొద్దు, చేతిలో గింజలు పెట్టుకుని ఊరికే కూర్చో, అదే వస్తుంది అని. ఎంత చక్కగా చెప్పాడు. కానీ ఈమె కూర్చుంటేగా. ఆ దుకాణంలో గుండ్రని చిన్న అద్దం, కింద గంట కట్టినది, వేలాడుతూ కనిపించింది. అది కొనుక్కుని ఆటోలో వచ్చేసింది.

"జత కనబడాలక్కా దానికి. జత ఉన్నదనుకుంటె తింటది," అంది, అద్దాన్ని పంజరంలో కడుతూ. "మన చుక్కికి గడ్డి దుడ్డె పెట్టలేదా?"

ఆ సంగతి చెప్పాలి. వానలు మొదలైనప్పుడే చుక్కి ఈనిన దూడ, వీళ్ల మాటలో దుడ్డె, చచ్చిపోయింది. దుడ్డె మూతి పెట్టి కుడిస్తేనే బర్రె చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. దుడ్డె లేకపోతే ఎంత పిండినా రాదు, బిగబట్టుకుంటుంది. అందుకని మైసయ్య చచ్చిన దుడ్డె తోలు ఒలిపించి, ఎండబెట్టించి, లోపల గడ్డి కూర్పించి, నాలుగు కర్రల మీద నిలబెట్టాడు. పిండే ముందు దాన్ని చుక్కి ముందు పెడతారు. చుక్కి ఆ తోలును నాకుతుంది, నాకుతూ నాకుతూ చేపుకొస్తుంది. పాలోళ్ల ఇళ్లలో ఇది మామూలే. ఆ బొమ్మ షెడ్డు వాకిట్లో, లోపలికి తొంగి చూస్తే మొదట కనబడే చోటే ఉండేది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

అద్దం నిజంగానే పనిచేసింది. పిట్ట దాని ముందు చేరి తల ఊపడం, కిచకిచలాడడం, ముక్కుతో తట్టడం. కొర్రలు కూడా తినసాగింది. బుచ్చమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. "చూసినవా లీలక్కా, నా తెలివి," అని రోజూ చూపించేది. కానీ పిట్ట ఎవరి వైపూ తిరిగేది కాదు. పైగా నా కంటికి అది చిక్కిపోతున్నట్టే ఉంది, రొమ్ము ఎముక బయటికి పొడుచుకొచ్చింది. అద్దం మీద ఏదో జిగురుగా అంటుకుని ఉండేది. బుచ్చమ్మ కొంగుతో తుడిచేది.

ఒక సాయంత్రం వాన వెలిసింది. నేను స్టూలు మీదున్నాను. బుచ్చమ్మ గింజల డబ్బాతో గదిలోకి పోయి, "మంచిగ ముచ్చట పెడ్తున్నది బిడ్డా తన జతతోని. నువ్వు గూడ జర మాట్లాడు దానితోని," అంది.

"అది తింటలేదమ్మా," అంది అఖిల.

అన్ని రోజుల తర్వాత ఆ పిల్ల తనంతట తాను అన్న మొదటి మాట అది. బుచ్చమ్మ డబ్బా పట్టుకుని నిలబడిపోయింది.

"తిన్నదంత మల్ల కక్కి అద్దానికి పెడ్తున్నది. మూతి కాడ పెడ్తది. అద్దం తినది. మల్ల పెడ్తది. పొద్దంత ఇదే. నేను చూస్తనే ఉన్న." గొంతు పెంచలేదు, పాల లెక్క చెప్పినట్టే చెప్పింది. "తీసెయ్ దాన్ని. ఆ గడ్డి దుడ్డెను తీసెయ్."

"తీస్తె ఒంటిదై సస్తదేమో బిడ్డా."

"సస్తె తెలిసి సస్తది. పిట్టకు అద్దం పెట్టినవ్, చుక్కికి గడ్డి పెట్టినవ్. నాకు ఈ పిట్టను పెట్టినవ్. నాకు తెల్వదనుకున్నవా అమ్మా?"

నా ప్రాణం చివుక్కుమంది. బుచ్చమ్మ పంజరం దగ్గరికి పోయింది. అద్దం విప్పింది, తెచ్చి నా ఒళ్లో పడేసింది, మళ్లీ లోపలికి పోయి బిడ్డ కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. "నాకేం జెయ్యాల్నో తెలుస్తలేదు బిడ్డా. ఏదో ఒకటి జెయ్యకుంట ఉండుడు నాతోని గాదు," అంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను అంతకుముందు ఆమె ఏడవగా కూడా చూడలేదు. అఖిల తల్లి తల వైపు చూసింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు.

ఆ రాత్రంతా పిట్ట అద్దం కోసం అరిచింది. గోడ ఇవతల నేను ప్రార్థన చేస్తూ పడుకున్నాను, పిట్ట కోసం ప్రార్థన చేయవచ్చో లేదో నాకు తెలియదు. తెల్లారి పోయి చూస్తే బతికే ఉంది, గింజలు ముట్టలేదు. బుచ్చమ్మ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఇంక ముర్గీచౌకాయన చెప్పిందే జేస్త," అంది.

అలా మొదలైంది బుచ్చమ్మ కూర్చోవడం. మధ్యాహ్నం బర్రెలు నెమరేసుకునే వేళ, పంజరం తలుపు తీసి, గుప్పెడు కొర్రలు అరచేతిలో పోసుకుని, గడప లోపల కూర్చునేది. ఆ అవస్థ చూడ్డానికి నేనూ మధ్యాహ్నమే వచ్చి స్టూలు మీద కూర్చునేదాన్ని. కాలు ఊగుతుంది. మెడ షెడ్డు వైపు తిరుగుతుంది. ఎక్కడో గిన్నె పడితే లేవబోతుంది. గొంతులోకి మాట వచ్చి మింగుతుంది. నడుము నొప్పి, మోకాలు నొప్పి, నెత్తిలో దురద, లేనిది లేదు. పిట్ట అవతలి మూల నుంచి ఒక కన్ను ఆమె మీదే పెట్టి చూసేది. ఆమె కదిలితే అది కదిలేది.

"కాలు ఊపకమ్మా," అనేది అఖిల మంచం మీద నుంచి.

"ఊపుతలేను."

"బొటనవేలు ఊపుతున్నవ్."

ఇలా రోజులు గడిచాయి. పిట్ట పంజరం గిన్నెలో గింజలు తినడం మొదలుపెట్టింది, ఇప్పుడు తిన్నది లోపలే ఉంటోంది. తర్వాత తలుపు దాకా వచ్చింది. ఒకసారి వేలి కొస దగ్గర ఒక గింజ లాక్కుని పారిపోయింది. బుచ్చమ్మ నా వైపు తిరిగి నోరు తెరవబోతే, అఖిలా నేనూ ఒకేసారి 'ష్' అన్నాం. ఆ పిల్ల పెదాల మీద నవ్వు లాంటిది ఒకటి కనబడి పోయింది. నేను చూశాననుకుంటాను, ఒట్టు మాత్రం పెట్టలేను.

ఆఖరికి పిట్ట ఆమె చేతి మీదికి ఎక్కింది కూడా, మంచి వేళ చూసుకుని. వాన కుమ్మేస్తోంది. పాల బాకీల వసూలుకు పోయిన మైసయ్య పత్తర్‌గట్టిలో చిక్కుకుపోయాడని ఫోన్. బుచ్చమ్మ మధ్యాహ్నం నుంచి కూర్చునే ఉంది, లేద్దామనుకుంటూ పిట్ట పంజరం తలుపు అంచు మీద ఊగిసలాడుతోందని ఆగింది. పాలు పిండే వేళ దాటుతోంది. చుక్కి అరవడం మొదలుపెట్టింది. వాకిట్లో గొడుగుల కింద గిన్నెలు పట్టుకుని గల్లీ జనం చేరారు. సరిగ్గా అప్పుడు ఆ పిట్ట ఒక కాలు, తర్వాత రెండో కాలు ఆమె అరచేతిలో పెట్టి, నిలబడి, కొర్రలు ఒలుచుకుని తినసాగింది.

బుచ్చమ్మ ఊపిరి బిగబట్టింది. చుక్కి మళ్లీ అరిచింది. ఆమె భుజాలు లేవబోయాయి.

"కదలకమ్మా," అంది అఖిల. "ఇప్పుడే ఎక్కింది. నేను పోతున్న."

మంచం దిగింది. మూలనున్న బకెట్ తీసుకుంది. మా ఇద్దరి పక్కనుంచి వాకిట్లోకి పోయింది.

"గడ్డి దుడ్డెను ముందల పెట్టు బిడ్డా, లేకుంటె చేపది," అంది బుచ్చమ్మ, పిట్ట బెదరకుండా గుసగుసగా. ఆ మాట అక్కడిదాకా వినిపించలేదు.

నా స్టూలు మీద నుంచి షెడ్డు కనబడుతుందన్నాను కదా. అఖిల షెడ్డు వాకిట్లో ఆ బొమ్మ దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. దాన్ని తీసి అవతల విసిరేస్తుందనుకున్నాను. బకెట్ కింద పెట్టి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకుంది, కర్రకాళ్లు ఒకవైపు వేలాడుతుండగా రొమ్ముకు ఆనించుకుంది. అలాగే పోయి చుక్కి మూతి దగ్గర గడ్డిలో కూర్చుంది. చుక్కి ఎప్పటిలాగే తోలును నాకడం మొదలుపెట్టింది. తోలునూ నాకింది, తోలు మీదున్న ఆ పిల్ల చేతినీ నాకింది. అప్పుడు అఖిల ఏడ్చింది. వాన చప్పుడులోంచి కూడా వినబడేలా, నోరంతా తెరిచి ఏడ్చింది.

బుచ్చమ్మ ఒళ్లంతా ఒక్క ఊపున ముందుకు వచ్చింది. పిట్ట రెక్కలు విప్పింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "కూసో బుచ్చమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పెదవి కరుచుకుంది. కూర్చుంది. పిట్ట రెక్కలు ముడుచుకుని మళ్లీ గింజలలో పడింది. కన్నీళ్లు గడ్డం మీది నుంచి కారుతున్నా బుచ్చమ్మ తుడుచుకోలేదు, ఒక చెయ్యి ఖాళీగానే ఉన్నా.

షెడ్డులో చుక్కి చేపుకొచ్చింది. పిండేవాళ్లు లేరు, పొదుగు నుంచి పాలు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. బకెట్ ఎక్కడ పెట్టిందో అక్కడే వానకు నిండుతోంది. కాసేపటికి గల్లీ వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చీకటి పడ్డాక నేనూ ఖాళీ గిన్నెతోనే ఇంటికి వచ్చాను.